మొవ్వు గాచిన వైద్యుడు – ఎడ్విన్ జాన్ బట్లర్

గోదావరి డెల్టా పేరు వినగానే పచ్చని వరిచేలు, కొబ్బరితోటలు, నిండుగా పారే కాలువలు కళ్ళముందు మెదలుతాయి. చేలగట్ల మీద, కాలువ ఒడ్డున, ఊరి పొలిమేరలో నిటారుగా నిలిచిన తాటిచెట్టు మాత్రం ఆ చిత్రంలో అంతగా కనిపించదు. కాని తెలుగు జాతికి ఆ చెట్టు చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టు మహాభారత ఆంధ్రీకరణకు పూనుకొన్న పదకొండవ శతాబ్ది మొదలు అచ్చుయంత్రం వాడుకలోకి వచ్చేవరకు తెలుగు కావ్యాలను ప్రధానంగా మోసినవి తాళపత్రాలే. పండితునికి పత్రమైన ఆ చెట్టే పేదవానికి ఇంటికప్పు అయింది, దూలమయింది. వేసవిలో ముంజెలనూ, చలికాలంలో తేగలనూ ఇచ్చింది. గీతకారుల కుటుంబాలకు తరతరాల జీవనాధారమయింది.

ఇన్ని విధాల ఉపకరించే తాటిచెట్టుకు ప్రకృతి ఒక పెద్ద బలహీనతను కూడా ఇచ్చింది. మామిడి, చింత మొదలైన చెట్లకు ఒక కొమ్మ విరిగితే మరొక కొమ్మ చిగురిస్తుంది. తాటికీ, కొబ్బరికీ ఆ అవకాశం లేదు. కాండం చివర, ఆకుల తొడుగుల నడుమ దాగి ఉండే మొవ్వు ఒక్కటే వాటి ప్రాణస్థానం. అది చెడితే చెట్టు మరి బ్రతకదు. పంతొమ్మిదవ శతాబ్ది ముగిసి ఇరవయ్యవ శతాబ్ది ఆరంభమైన కాలంలో గోదావరి డెల్టాలోని తాటిచెట్లకు సరిగ్గా ఆ ప్రాణస్థానంలోనే దెబ్బ తగిలింది. ఏ కారణం చేతనో మొవ్వులు కుళ్ళి, తలలు రాలి, చెట్లు మోడులుగా మిగలసాగాయి. కొబ్బరిచెట్లకు కూడా ఆ ఆపద తప్పలేదు. ఆ మృత్యువు ఆనవాళ్ళను శాస్త్రదృష్టితో పరిశీలించి, దాని కారణాన్ని లోకానికి వెల్లడించిన మహనీయుడు ఎడ్విన్ జాన్ బట్లర్. భారతదేశంలో శిలీంధ్రశాస్త్రానికీ, సస్యరోగశాస్త్రానికీ పితామహుడుగా ఆయన ప్రసిద్ధికెక్కాడు.

బట్లర్ 1874 ఆగస్టు 13వ తేదీన ఐర్లండు దేశంలోని క్లేర్ మండలంలో, కిల్కీ అనే సముద్రతీర గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ బట్లర్ న్యాయాధికారి. బాల్యంలో ఎడ్విన్ ఆరోగ్యం అంతంతమాత్రంగానే ఉండేది. ఇంగ్లండులోని పాఠశాలకు వెళ్ళిన ఆ బాలుడు అనారోగ్యం వల్ల ఇంటికి తిరిగి రావలసి వచ్చింది. కొంతకాలం ఇంటివద్దనే ఉపాధ్యాయుని సాయంతో చదువుకొన్నాడు. ఆరోగ్యం కుదుటపడిన తరువాత కార్క్ నగరంలోని క్వీన్స్ కళాశాలలో చేరి, 1898లో వైద్యశాస్త్ర పట్టం పొందాడు.

ఆయన జన్మించిన దేశానికి సస్యరోగమంటే ఏమిటో వేరొకరు చెప్పనక్కరలేదు. 1845లో ఐర్లండులోని బంగాళాదుంప పైరుకు ఒక తెగులు సోకింది. దుంపలే ఆహారమైన ఆ దేశంలో కొన్నేళ్ళపాటు ఘోరమైన క్షామం తాండవించింది. సుమారు పది లక్షలమంది ఆకలికీ, వ్యాధులకూ బలి అయ్యారు. మరో పది లక్షలమందికి పైగా పుట్టిన గడ్డను విడిచి ఓడలెక్కారు. ఆ తెగులుకు కారణం దైవశాపమో, వాతావరణ దోషమో కాదని, కంటికి కనిపించని ఒక సూక్ష్మజీవి అని జర్మను శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1861లో నిరూపించాడు. తరువాత 1876లో ఆ జీవి ప్రజాతికి ఫైటాఫ్తొరా అని నామకరణం చేశాడు. మొక్కలను నాశనం చేసేది అని ఆ గ్రీకు పదానికి అర్థం. ఆ క్షామాన్ని కళ్ళారా చూసినవారు ఇంకా బ్రతికి ఉన్న కాలంలోనే బట్లర్ పెరిగి పెద్దవాడయ్యాడు.

కార్క్ కళాశాలలో మార్కస్ హార్టాగ్ అనే ఆచార్యుని సాన్నిహిత్యం బట్లర్ జీవితాన్ని మలుపు తిప్పింది. హార్టాగ్ నీటిలో పెరిగే బూజుజాతులను పరిశోధిస్తుండేవాడు. గురువు చూపిన దారిలో శిష్యుడు పిథియమ్ అనే సూక్ష్మజీవుల అధ్యయనానికి పూనుకొన్నాడు. మనుషుల నాడి పట్టవలసిన యువవైద్యుడు ఆ విధంగా మొక్కల నాడి పట్టడానికి సిద్ధమయ్యాడు. పారిస్, ఆంటీబ్, ఫ్రైబుర్గ్ నగరాలలోనూ, లండను సమీపంలోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానంలోనూ తన విద్యకు మెరుగులు దిద్దుకొన్నాడు. ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభంలో భారత ప్రభుత్వం ఆయనను తన తొలి శిలీంధ్ర శాస్త్రజ్ఞునిగా నియమించింది. కలకత్తాలో కొలువు ఆరంభించిన ఆయన 1902లో డెహ్రాడూనుకు మారాడు. అక్కడ ఉన్న కాలంలో హిమాలయ సానువులలోని జౌన్‌సార్ ప్రాంతంలో దేవదారు చెట్లకు సోకిన తెగులును పరిశీలించాడు. సూదుల వంటి ఆకులు గల కొండచెట్లతో మొదలైన ఆ వృక్షవైద్యం కొద్ది సంవత్సరాలలోనే సముద్రతీరపు తాటితోపుల దాకా వచ్చింది.

1905లో బీహారులోని పూసా గ్రామంలో వ్యవసాయ పరిశోధన సంస్థకు పునాది పడింది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా దాత ఇచ్చిన విరాళం ఆ సంస్థ స్థాపనకు తోడ్పడింది. బట్లర్ అక్కడ ఇంపీరియల్ మైకాలజిస్టుగా, అంటే శిలీంధ్రశాస్త్ర విభాగానికి అధిపతిగా నియుక్తుడయ్యాడు. ఆ పదవిని చేపట్టిన తొలి సంవత్సరాలలోనే గోదావరి డెల్టాలోని తాటిచెట్ల తెగులు ఆయన దృష్టికి వచ్చింది.

గోదావరి డెల్టాకు సస్యరోగాలు అప్పటికే పరిచితం. ఇక్కడి చెరకు పైరును పీడించిన ఎర్రకుళ్ళు తెగులును మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ 1901లో పరిశీలించాడు. చెరకు ఒక సంవత్సరం పోయినా మరుసటి సంవత్సరం మళ్ళీ నాటుకోవచ్చు. తాటిచెట్టు సంగతి అది కాదు. విత్తు మొలిచి, పెరిగి, కల్లునీ కాయనీ ఇవ్వడానికి ఇంచుమించు ఒక తరం పడుతుంది. తండ్రి నాటిన చెట్టును కొడుకు గీస్తాడు. కనుక తాటితోపు నశిస్తే ఒక ఏటి రాబడి కాక ఒక తరం రాబడి నశించినట్లే. కల్లుపై వచ్చే అబ్కారీ ఆదాయం ప్రభుత్వానికి ముఖ్యమైనది కావడం వల్ల పాలకులకు కూడా ఈ తెగులు తలనొప్పి అయింది.

బట్లర్ ఎదుట నిలిచిన మొదటి ప్రశ్న తెగులును గుర్తించడం ఎట్లా అన్నది. మొవ్వు నేలకు ఎన్నో అడుగుల ఎత్తున, ఆకు మట్టల కోటలో భద్రంగా ఉంటుంది. దానిలో కుళ్ళు ఆరంభమైన చాలాకాలానికి గాని చెట్టు పరిస్థితి క్రింద నిలిచినవానికి తెలియదు. బయటి ఆకులు పచ్చగానే ఉంటాయి. ఉన్న కాయలు పండుతూనే ఉంటాయి. లోపల ప్రాణం పోయిన తరువాత కూడా నెలల తరబడి చెట్టు బ్రతికి ఉన్నట్లే కనిపిస్తుంది. ఆ సమయంలోనే దాని నుంచి తెగులు ఇరుగుపొరుగు చెట్లకు వ్యాపిస్తుంది. కాబట్టి తోపులో నిలబడి, ఉపకరణాలేవీ లేకుండా, చూపుతోనూ స్పర్శతోనూ తెగులును పసిగట్టే లక్షణాలు కావలసివచ్చాయి. రోగిని చూడగానే లక్షణాలను వరుసలో పెట్టుకొని వ్యాధిని నిర్ణయించడం వైద్యవిద్యలో మొదటి పాఠం. బట్లర్ నేర్చిన ఆ పాఠం తాటితోపులో అక్కరకు వచ్చింది.

మొదటి లక్షణం నడిమి ఆకులో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు మధ్యనుండే లేత ఆకు బల్లెంలా నిటారుగా నిలుస్తుంది. తెగులు సోకిన చెట్టులో చుట్టూ ఉన్న ఆకులు పచ్చగా ఉండగానే ఆ ఒక్క ఆకు వన్నె తగ్గి, పాలిపోయి, వాడి వ్రేలాడుతుంది. రెండవ లక్షణం విప్పారిన ఆకులపై ఉంటుంది. తాటాకు మొవ్వులో ఉన్నప్పుడు విసనకర్రలా మడతలు మడతలుగా ముడుచుకొని ఉంటుంది. ఆ దశలో ఒకచోట కుళ్ళు తగిలితే అది అన్ని మడతలకూ తగులుతుంది. ఆకు విప్పుకొన్నప్పుడు ఆ మచ్చలు వరుసగా, అడ్డంగా తీర్చినట్లు కనిపిస్తాయి. మడిచిన కాగితాన్ని సూదితో ఒకసారి గుచ్చి విప్పితే ఎన్నో రంధ్రాలు వరుసలో కనిపించడం వంటిదే ఇది. మూడవది ఆకు తొడుగులపై పల్లంగా, గోధుమరంగులో ఏర్పడే మచ్చ. అది పై తొడుగు నుంచి లోపలి తొడుగుకు, అక్కడినుంచి మరింత లోపలికి, పొర వెంట పొర దాటి మొవ్వును చేరుతుంది. చివరి దశలో నడిమి ఆకును పట్టి లాగితే చేతికి ఊడివస్తుంది. దాని మొదలు మెత్తబడి, భరించరాని దుర్గంధం వెలువడుతుంది.

లక్షణాలను గుర్తించడం ఎంత అవసరమో, ఇతర బాధల నుంచి వేరుచేయడం కూడా అంత అవసరం. కొమ్ముపురుగు ఆశించిన చెట్టు ఆకులు కత్తెరతో కత్తిరించినట్లు కనిపిస్తాయి. మట్టల నడుమ రంధ్రాలూ, నమిలి వదిలిన పీచూ ఉంటాయి. ఎర్రముక్కు పురుగు తొలిచిన చెట్టు కాండంపై రంధ్రాలు ఏర్పడి, వాటినుంచి గోధుమరంగు ద్రవం కారుతుంది. మొవ్వుకుళ్ళు మాత్రమే సోకిన చెట్టుకు తొలి దశలో ఈ ఆనవాళ్ళేవీ ఉండవు. కుళ్ళిన భాగానికి పురుగులు తరువాత చేరవచ్చు. చివరకు వచ్చినవానిని చూసి మొదటి దొంగ వాడేనని అనుకొంటే చికిత్స దారి తప్పుతుంది.

తోపులో కన్ను చేసిన నిర్ణయాన్ని ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ధ్రువపరచాలి. కుళ్ళు ముదిరిన చోట ఎన్నో రకాల సూక్ష్మజీవులు గుమికూడి ఉంటాయి. వాటిలో అసలు నేరస్థుని కనుగొనాలంటే తెగులు అప్పుడే ఆరంభమైన అంచులలో వెదకాలి. బట్లర్ అట్లా వెదకి పట్టుకొన్న జీవికి 1907లో పిథియమ్ పాల్మివోరమ్ అని పేరు పెట్టాడు. తాటిజాతిని భక్షించేది అని దాని అర్థం. యువకుడుగా ఐర్లండులో ఏ ప్రజాతిని అధ్యయనం చేశాడో, ఆ ప్రజాతికే చెందినదని ఆయన మొదట భావించాడు. పరిశోధన ముందుకు సాగిన కొద్దీ దాని స్వభావం మరింత స్పష్టమయింది. 1919లో ఆయనే దానిని ఫైటాఫ్తొరా ప్రజాతిలోకి మార్చి, ఫైటాఫ్తొరా పాల్మివోరా అని నామకరణం చేశాడు. ఆ పేరుతోనే అది నేటికీ శాస్త్రలోకంలో వ్యవహరింపబడుతున్నది. తన జన్మభూమిని క్షామంలో ముంచిన సూక్ష్మజీవికి దగ్గరి బంధువే గోదావరి తీరపు తాటిచెట్లను కూల్చిందని ఆ విధంగా తేలింది. ఈ ప్రజాతి జీవులు నిజమైన శిలీంధ్రాలు కావని, వాటిని పోలిన వేరొక వర్గానికి చెందుతాయని నేటి శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

ఈ జీవికి నీరు ప్రాణాధారం. తడి తగలగానే దీని బీజాశయాల నుంచి ఈదగల సూక్ష్మ బీజాలు విడుదలవుతాయి. ఆకుపై నిలిచిన పలుచని నీటిపొర చాలు, అవి ఈది వెళ్ళి లేత కణజాలంలో పాదం మోపుతాయి. వానాకాలంలో తెగులు విజృంభించడానికీ, గాలిలో తేమ ఎక్కువగా ఉండే డెల్టాలో అది స్థిరపడడానికీ ఇదే కారణం.

బట్లర్ తన పరిశోధన ఫలితాలను 1910లో భారతదేశంలోని తాటిజాతి చెట్ల మొవ్వుకుళ్ళుపై వెలువరించిన సమగ్ర గ్రంథంలో పొందుపరచాడు. ఆయన సూచించిన నివారణోపాయం సరళమైనది, కాని కఠినమైనది. తెగులు సోకిన చెట్టును వెంటనే గుర్తించి, దాని తలను నరికి, అక్కడికక్కడే కాల్చివేయాలి. ప్రజలకు ఈ మాట రుచించకపోవడంలో వింత లేదు. పచ్చని ఆకులతో, కాయలతో నిలిచిన చెట్టును చూపి ఇది మరణించిందంటే ఏ రైతు నమ్ముతాడు? పది చెట్లే ఆస్తిగా ఉన్న పేదవానికి ఒక చెట్టును కోల్పోవడమంటే తన బ్రతుకులో పదోవంతును కోల్పోవడమే. పొరుగువాని చెట్ల కోసం తన చెట్టును అగ్నికి అర్పించమనడం ధర్మమా అన్న ప్రశ్న కూడా ఉంది. వ్యాధినిర్ణయంలో పొరపాటు జరిగితే బ్రతకవలసిన చెట్టు కత్తికి బలి అవుతుంది. జాగు జరిగితే తోపంతా బలి అవుతుంది. త్వరగా చెప్పాలి, తప్పులేకుండా చెప్పాలి. ఈ రెండింటి నడుమ నలిగేది పేదవాని జీవితం. లక్షణాలను అంత సూక్ష్మంగా విడమరచి చెప్పడంలోని ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది.

బట్లర్ వేసిన బాటలో మద్రాసు వ్యవసాయశాఖ చాలా సంవత్సరాలపాటు గోదావరి, కృష్ణా ప్రాంతాలలో తెగులు చెట్లను వెదకి తొలగించే కార్యక్రమాన్ని నడిపింది. ఆ శాఖలో శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, అనంతరం పూసాలో బట్లర్ నిర్వహించిన పదవిని అలంకరించిన విలియం మెక్రే ఆ కృషి చరిత్రను 1923లో గ్రంథస్థం చేశాడు. మలబారు కొబ్బరితోటలలోని మొవ్వుకుళ్ళుపై షా, సుందరరామన్ అనే శాస్త్రజ్ఞులు 1914లో తమ పరిశోధనను ప్రకటించారు.

పూసాలో ఉన్న కాలంలో బట్లర్ దృష్టి తాటిచెట్టుకే పరిమితం కాలేదు. గోధుమను పీడించే కుంకుమ తెగుళ్ళు, కందిని ఎండగొట్టే తెగులు, చెరకు తెగుళ్ళు ఆయన పరిశోధనకు విషయాలయ్యాయి. తూర్పు బెంగాలులో వరికి సోకిన ఉఫ్రా అనే వ్యాధిని పరిశీలించి, దానికి కారణం శిలీంధ్రం కాదని, కంటికి కనిపించని నులిపురుగు అని 1913లో తెలియజేశాడు. శిలీంధ్రశాస్త్రజ్ఞుడు గనుక ప్రతి తెగులునూ శిలీంధ్రానికి అంటగట్టకపోవడం ఆయన సత్యనిష్ఠకు నిదర్శనం. దేశం నలుమూలల నుంచి తెగులు సోకిన ఆకులను, కొమ్మలను సేకరించి భద్రపరచే సంగ్రహాలయానికి ఆయన పూసాలో బీజం వేశాడు. 1934 బీహారు భూకంపం తరువాత పరిశోధన సంస్థ ఢిల్లీకి తరలిపోగా, ఆ సంగ్రహం కూడా అక్కడికి చేరి నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తున్నది. ఆయన వద్ద పనిచేసిన భారతీయులలో జె.ఎఫ్. దస్తూర్ ముఖ్యుడు. ఆముదపు మొక్కను ఆశించే మరొక ఫైటాఫ్తొరా జాతిని దస్తూర్ 1913లో వర్ణించి, గురువుకు తగిన శిష్యుడనిపించుకొన్నాడు.

భారతదేశంలోని పంటల తెగుళ్ళపై తన అనుభవసారాన్నంతటినీ క్రోడీకరించి 1918లో బట్లర్ ఒక మహాగ్రంథాన్ని ప్రకటించాడు. చాలాకాలం అది మన దేశంలో సస్యరోగశాస్త్ర విద్యార్థులకు మార్గదర్శిగా నిలిచింది. 1920లో లండను సమీపంలోని క్యూలో ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ మైకాలజీ ఏర్పడగా, దానికి ఆయన తొలి సంచాలకుడయ్యాడు. ఒక దేశంలో కనుగొన్న సత్యం మరొక దేశపు రైతుకు అందాలన్న సంకల్పంతో, ప్రపంచంలోని సస్యరోగ పరిశోధనల సారాంశాలను అందించే పత్రికను 1922 నుంచి నడిపాడు. 1926లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. భారతదేశాన్ని విడిచినా ఆ అనుబంధాన్ని ఆయన వదులుకోలేదు. బిస్బీ అనే శాస్త్రజ్ఞునితో కలిసి భారతదేశపు శిలీంధ్రాల పట్టికను 1931లో వెలువరించాడు. 1935లో బ్రిటనులోని వ్యవసాయ పరిశోధన మండలికి కార్యదర్శి అయ్యాడు. 1939లో సర్ బిరుదం ఆయనను వరించింది. 1943 ఏప్రిల్ 4వ తేదీన తన 68వ ఏట ఆయన కన్నుమూశాడు. ఆయన ఆరంభించిన సస్యరోగశాస్త్ర గ్రంథాన్ని ఎస్.జి. జోన్స్ పూర్తిచేయగా, అది 1949లో వెలుగుచూసింది.

మొవ్వుకుళ్ళు తెగులు నేటికీ సమసిపోలేదు. వానాకాలంలో, తుఫానులు వీచిన తరువాత కొబ్బరితోటలలో అది మళ్ళీ తలెత్తుతుంటుంది. గోదావరి జిల్లాలలోని కొబ్బరితోటల నడుమ ఈనాడు విరివిగా పెంచుతున్న కోకో కాయలను కుళ్ళబెట్టే జీవి కూడా ఫైటాఫ్తొరా పాల్మివోరాయే. అయితే బట్లర్ నాటి కత్తికీ, నిప్పుకూ తోడుగా ఇప్పుడు చికిత్స కూడా ఉంది. నడిమి ఆకు వాడగానే చెట్టెక్కి, కుళ్ళిన భాగాన్ని శుభ్రంగా కోసివేసి, మైలుతుత్తం, సున్నం కలిపి చేసిన బోర్డో పేస్టును పూసి, కొత్త మొవ్వు వచ్చేవరకు వాననీరు పడకుండా కప్పి ఉంచితే చాలా చెట్లు కోలుకొంటాయి. చుట్టుపక్కల చెట్ల మొవ్వులను ఒక శాతం బోర్డో మిశ్రమంతో తడపాలి. నూరు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం దాని పాళ్ళు. మిశ్రమంలో శుభ్రమైన ఇనుపచాకును ముంచినప్పుడు దానిపై రాగి పూత పట్టితే సున్నం చాలలేదని గ్రహించాలి. కోనసీమలోని అంబాజీపేట పరిశోధన కేంద్రం వంటివి ఇటువంటి విషయాలలో రైతులకు తోడ్పడుతున్నాయి. ఎన్ని మందులు ఉన్నా తొలిదశలో గుర్తించినప్పుడే అవి పనిచేస్తాయి. ఆ గుర్తింపుకు ఆధారం నేటికీ నడిమి ఆకే.

పరాయి పాలనలో అధికారిగా వచ్చిన బట్లర్‌ను ఆ ప్రభుత్వపు ఆదాయ వ్యయాల లెక్కలే తాటితోపులకు పంపి ఉండవచ్చు. కాని తోపులో నిలిచి ఆయన చూసిన చూపు శాస్త్రజ్ఞుని చూపు. పచ్చగా కనిపించినంత మాత్రాన చెట్టు క్షేమంగా ఉన్నదని భావించరాదని, లోపలి మొవ్వును చూసి మాట్లాడాలని ఆయన కృషి బోధిస్తుంది. తెలుగు అక్షరానికి ఆకునిచ్చిన చెట్టుకు ప్రాణరక్షణ మార్గం చూపిన ఆ విదేశీయుడు తెలుగువారికి చిరస్మరణీయుడు.